కొత్త కంప్యూటర్లు కొనే ముందు ఆ డిజైనర్‌ను ఒకసారి మూసి చూడండి



కిందటి ఆదివారం కార్యవర్గ సమావేశంలో కంప్యూటర్ తరగతి మాట వచ్చింది. పిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకునే పది కంప్యూటర్లూ నత్తనడక నడుస్తున్నాయి, వాటిని తీసేసి కొత్తవి కొందాం, భవన నిధిలోంచి నాలుగు లక్షల దాకా తీద్దాం అని ప్రతిపాదన. సగం మందికి పైగా చేతులెత్తారు. సాయంత్రం తరగతి చూసుకునే మేము నలుగురం మాత్రం ఎత్తలేదు. ఎందుకని ఒకరిద్దరు పెద్దలు కోపంగానే అడిగారు. అప్పటికే పొద్దుపోయింది, ఎజెండాలో ఉత్సవం పద్దు ఇంకా మిగిలి ఉంది, జవాబు చెప్పే వీలు చిక్కలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాం. కొంచెం పొడుగే. చాయ్ పెట్టుకుని చదవండి.

మా మాట ఇది. ఆ పది కంప్యూటర్లలో నెమ్మదిగా ఉన్నది ఒకే ఒక్క కిటికీ. దాని పేరు డిజైనర్. అది ఎందుకు మొరాయిస్తోందో తెలుసుకోకుండా పెట్టెలు మారిస్తే కొత్త పెట్టెలో కూడా అదే కిటికీ అలాగే మొరాయిస్తుంది. నాలుగు లక్షలు పోతాయి, పిల్లలు మాత్రం తెర వైపు చూస్తూ కూర్చునే ఉంటారు.

కంప్యూటర్ సంగతులు తెలియని పెద్దల కోసం కొంచెం వెనక నుంచి చెబుతాం. మన పిల్లలు వాడేది విజువల్ స్టూడియో అనే ఎడిటర్, 2022 వెర్షన్. నేర్చుకునేవాళ్లకు దాని కమ్యూనిటీ ఎడిషన్ ఉచితం. మన సంఘం సభ్యత్వ రిజిస్టర్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించే ప్రోగ్రాం ఆ పిల్లలే అందులో తయారుచేస్తున్నారు. తెర మీద పేరు రాసే గడి ఎక్కడుండాలి, రసీదు మీట ఎక్కడుండాలి, పట్టిక ఎంత వెడల్పుండాలి అనేది రెండు రకాలుగా చెప్పొచ్చు. ఒకటి, అక్షరాల్లో రాసి చెప్పడం. వాళ్లు వాడే డబ్ల్యూపీఎఫ్ పద్ధతిలో ఆ రాతను జామెల్ అంటారు. రెండోది, తెరను బొమ్మగా చూస్తూ మౌస్‌తో లాగి పెట్టడం. ఆ బొమ్మ చూపించే కిటికీయే డిజైనర్.

అది ఫొటో చూపించినట్టు ఊరికే చూపిస్తుందని చాలామంది అనుకుంటారు. అసలు తిరకాసంతా అక్కడే ఉంది. డిజైనర్ బొమ్మ గీయాలంటే పిల్లలు రాసిన ప్రోగ్రాంలోని ముక్కలను తెర వెనక నిజంగానే నడపాలి. టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే విజువల్ స్టూడియోతో పాటు డబ్ల్యూపీఎఫ్ సర్ఫేస్ అనే పేరుతో వేరే ప్రాసెస్ కనిపిస్తుంది. డిజైనర్ కోసం నడిచేది అదే. అంటే మనం ప్రోగ్రాం ఇంకా నడపలేదు అనుకుంటున్నప్పుడే అందులో కొంత భాగం నడిచిపోతోంది. అది చేసే పని బరువైతే కిటికీ బరువెక్కుతుంది.

మన హాల్లో ఏం జరిగిందో చెబితే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. వారం రోజుల్లో రాత్రి ఏడు గంటలకు మొదలయ్యే తరగతిలో సభ్యత్వ ఫారం తెరిస్తే డిజైనర్ బిగుసుకుపోయేది. ఆదివారం పొద్దున తరగతిలో అదే కంప్యూటర్, అదే ఫారం, చక్కగా తెరుచుకునేది. కరెంటు ఓల్టేజీ తేడా అన్నారొకరు. రాత్రిపూట ఇంటర్నెట్ మందగిస్తుందన్నారు ఇంకొకరు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి నాలుగు రోజులు కొలిచాం. రాత్రి ప్రతిసారీ ఇంచుమించు పదిహేను సెకన్లు ఊరికే ఆగి, ఆ తరవాతే కదిలేది. పాత కంప్యూటర్ అయితే ఒకసారి పది, ఒకసారి ఇరవై పట్టాలి. లెక్క కట్టినట్టు పదిహేనే పడుతోందంటే, అది ముసలితనం వల్ల వచ్చిన ఆలస్యం కాదని అప్పుడే అనుమానం వచ్చింది.

సంగతేమిటంటే, మన రిజిస్టర్ డేటాబేస్ ఉన్నది పై అంతస్తు ఆఫీసు కంప్యూటర్‌లో. ఆఫీసు ఆరింటికి మూసేటప్పుడు దాన్ని ఆపేస్తారు. పిల్లలు వీడియో పాఠంలో చూసిన పద్ధతిలో ఫారం జామెల్‌లోనే డేటా తెచ్చే క్లాసును తగిలించారు. ఆ క్లాసు పుట్టగానే, అంటే కన్‌స్ట్రక్టర్‌లోనే, డేటాబేస్ తలుపు కొడుతుంది. డిజైనర్ బొమ్మ గీయడానికి ఆ క్లాసును పుట్టిస్తుంది, అది వెళ్లి ఆపేసి ఉన్న ఆఫీసు కంప్యూటర్ తలుపు కొడుతుంది. అటు నుంచి పలుకు లేదు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌తో కనెక్షన్ కోసం, మనం వేరేగా చెప్పకపోతే, 15 సెకన్లు ఎదురుచూసి వదిలేయడం డాట్‌నెట్‌లో ఉన్న ఏర్పాటు. ఎర్రర్ వస్తే తెర మీద పడకుండా పిల్లలు దాన్ని మింగేసే ట్రై క్యాచ్ కూడా రాసి పెట్టారు. దాంతో ఏ సందేశమూ రాదు, ఆలస్యం ఒక్కటే మిగులుతుంది. బిల్డ్ చేసిన ప్రతిసారీ డిజైనర్ మళ్లీ లోడ్ అవుతుంది, మళ్లీ పదిహేను.

ఇప్పుడు చెప్పండి. లక్ష రూపాయల కంప్యూటర్ తెచ్చి పెట్టినా, ఆపేసి ఉన్న సర్వర్ కోసం అది కూడా ఆ పదిహేను సెకన్లూ నిలబడాల్సిందే కదా?

ఇందులో పిల్లల తప్పేమీ లేదు. వీడియోల్లో అలాగే చూపిస్తారు, ఎందుకంటే వీడియో చేసేవాళ్ల సర్వర్ వాళ్ల లాప్‌టాప్‌లోనే నడుస్తుంటుంది. దానికి మందు కూడా చిన్నదే. కన్‌స్ట్రక్టర్‌లో ఉన్న డేటాబేస్ పనిని తీసి, కిటికీ తెరుచుకున్నాక వచ్చే లోడెడ్ ఈవెంట్‌లోకి మార్చారు. అక్కడ కూడా ముందు డిజైనర్‌లో ఉన్నామా అని అడిగి, ఉంటే వెనక్కి వచ్చేయాలి. డబ్ల్యూపీఎఫ్‌లో ఆ ప్రశ్నకు జవాబిచ్చేది డిజైనర్ ప్రాపర్టీస్ క్లాసులోని గెట్ ఈజ్ ఇన్ డిజైన్ మోడ్. గీసేటప్పుడు పట్టిక ఖాళీగా కనబడితే అందం తెలియదు కాబట్టి, డి అక్షరం ముందుపెట్టి రాసే డిజైన్ టైమ్ ప్రాపర్టీలతో మూడు ఉత్తుత్తి వరుసలు చూపించుకోవచ్చు. అవి డిజైనర్‌కే పరిమితం, నడిచే ప్రోగ్రాంలోకి రావు. ఇంత మార్చడానికి పిల్లలకు పట్టింది ఒక్క సాయంత్రం. ఆ పదిహేను సెకన్లు ఆ రోజుతో పోయాయి.

అయినా డిజైనర్ పూర్తిగా చురుకెక్కలేదు. ఇంకా రెండు మూడు బరువులు దొరికాయి. రంగులు, అక్షరాల సైజులు రాసిపెట్టిన థీమ్ ఫైలు ఒకటుంది. ప్రతి చిన్న ముక్కా దాన్ని మళ్లీ మళ్లీ తనలోకి కలుపుకుంటోంది. ఒక ఫారంలో పన్నెండు ముక్కలుంటే పన్నెండు సార్లు. దాన్ని యాప్ జామెల్‌లో ఒక్కచోట పెడితే చాలు. సభ్యుల పట్టికను స్టాక్ ప్యానెల్‌లో, దాన్ని స్క్రోల్ వ్యూయర్‌లో పెట్టారు. అలా పెడితే కనబడే వరుసలను మాత్రమే తయారుచేసే సదుపాయం పోయి, మొత్తం వరుసలన్నీ ఒకేసారి తయారవుతాయి. ఇది డిజైనర్‌కే కాదు, రేపు ఆఫీసులో రిజిస్టర్ వాడేవాళ్లకూ నొప్పే. అప్పటికప్పుడు తెరిపిన పడాలంటే డిజైనర్ కింది పట్టీలో ప్రాజెక్ట్ కోడ్‌ను ఆపే మీట ఉంటుంది. నొక్కితే మన కోడ్ నడపకుండా గీయగలిగినంత గీస్తుంది. కాష్ ఫోల్డర్లు తుడిచేస్తే వేగం వస్తుందని కొందరు చెబుతారు. చెడిపోయిన డిజైనర్ ఒక్కోసారి దాంతో బాగుపడుతుంది, నిజమే. కానీ రోజూ తుడవాల్సి వస్తోందంటే రోగం వేరేచోట ఉందని అర్థం.

ఇదంతా చేసినా మేము పిల్లలకు చెప్పేది మాత్రం ఇంకొకటి. డబ్ల్యూపీఎఫ్ పనిలో డిజైనర్‌ను మూసేయండి. టూల్స్ మెనూలో ఆప్షన్స్, అందులో జామెల్ డిజైనర్ అనే పేజీ ఉంటుంది. ఫైలు తెరిచినప్పుడు ముందుగా రాత మాత్రమే రావాలా, బొమ్మ రావాలా, రెండూ సగం సగం రావాలా అని అది అడుగుతుంది. రాత అని పెట్టండి. రెండూ సగం సగం ఉన్నప్పుడు మీరు రాస్తుంటే అవతల సగం వెంటవెంటనే మళ్లీ గీసుకుంటూ ఉంటుంది. ఎనిమిది జీబీ మెమరీ ఉన్న మన కంప్యూటర్లు ఆయాసపడేది అక్కడే. అసలు డిజైనర్ వద్దనుకుంటే అదే పేజీలో పూర్తిగా ఆపే గడి ఉంది, టిక్కు తీసి ఎడిటర్‌ను ఒకసారి మూసి తెరవాలి.

బొమ్మ చూడకుండా ఎలా అంటారా, ప్రోగ్రాంను ఎఫ్5 నొక్కి నడపండి, పక్కన జామెల్ తెరిచి మార్చండి. హాట్ రీలోడ్ అనే సదుపాయం వల్ల మార్పు నడుస్తున్న ప్రోగ్రాంలోనే కనబడుతుంది. అది ఉత్తుత్తి బొమ్మ కూడా కాదు, రేపు ఆఫీసులో కనబడబోయే అసలు తెర.

"కళ్లతో చూడకుండా రాతతో గీయమంటే పసిపిల్లలు ఎలా గీస్తారయ్యా" అని సమావేశంలో ఒక పెద్దాయన అన్నారు. బాపూ, మిమ్మల్నే అడుగుతున్నాం, జకార్డు చద్దరు మీద నెమలి ఎలా వచ్చేది? ఈ సోలాపూర్‌లో మన ఇళ్లలో ఎంతమంది పెద్దలు గ్రాఫ్ కాగితం మీద గడులు నింపి, ఆ గడుల ప్రకారం అట్టలకు చిల్లులు కొట్టలేదు! చిల్లున్న చోట పోగు లేస్తుంది, లేని చోట లేవదు. ఒక్కో పేక పోగుకు ఒక్కో అట్ట. సాంచె మీద చద్దరు నేసి దించేదాకా నెమలి ఎవరికీ కనబడేది కాదు. అట్ట చూసి నెమలి ముక్కు ఎక్కడ వంకర పోయిందో చెప్పగలిగిన వాళ్లు మన వాడల్లోనే ఉన్నారు. జామెల్ అంతకన్నా తేలిక. అందులో పట్టిక అంటే గ్రిడ్ అని, వరుస అంటే రో అని రాసి ఉంటుంది, చిల్లులు లెక్కబెట్టుకోనక్కరలేదు. మన పిల్లలు చాలామంది మరాఠీ మీడియంలో చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడి, కంప్యూటర్ ముందు ఇంగ్లిషు నేర్చుకుంటున్నవాళ్లు. మూడో భాషలో ఎర్రర్లు చదివి అర్థం చేసుకుంటున్న పిల్లలకు నలభై జామెల్ మాటలు రావంటే మేము ఒప్పుకోం.

అయితే ఇక్కడ ఒక మాట. డిజైనర్ వాడేవాడు ప్రోగ్రామరే కాదని వెక్కిరించే జాతి ఒకటుంది, మేము ఆ జట్టు కాదు. 1991లో విజువల్ బేసిక్ వచ్చి ఫారం మీద మీటలు లాగి పెట్టే దారి చూపించాక, అంతకుముందు ప్రోగ్రామింగ్ అంటే భయపడ్డ ఎంతోమంది దుకాణాల లెక్కలు, కార్ఖానాల జమాఖర్చులు తామే రాసుకున్నారు. మొదటి నెల పిల్లలకు మేము కూడా విండోస్ ఫామ్స్‌తోనే మొదలుపెడతాం, అక్కడ డిజైనర్ కావాల్సిందే. అందులో డిజైనర్ తనంతట తాను ఒక ఫైలు రాస్తుంది. దాన్ని చేత్తో కెలికితే కొన్నిసార్లు ఫారం తెరుచుకోనే తెరుచుకోదు. కాబట్టి అక్కడ మూసేయమని చెప్పం, బరువు తగ్గించమంటాం. ఒకే ఫారంలో రెండు వందల గడులు కుక్కకుండా యూజర్ కంట్రోళ్లుగా విడగొట్టాలి. వెనక పెద్ద ఫొటో అతికిస్తే అది రిసోర్స్ ఫైలులో చేరి, ఫారం తెరిచిన ప్రతిసారీ దాన్నీ మోసుకురావాలి. దేవుడి పటమైనా సరే చిన్న సైజు చేసి పెట్టండి. టేబుల్ లేఅవుట్‌లో టేబుల్ లేఅవుట్, దానిలో ఇంకొకటి పెట్టకండి. యూజర్ కంట్రోల్ కన్‌స్ట్రక్టర్‌లో డేటాబేస్ జోలికి పోకూడదన్న నియమం ఇక్కడ కూడా అదే. ఒక చిక్కు గుర్తుంచుకోండి: కన్‌స్ట్రక్టర్ నడిచే సమయానికి డిజైన్ మోడ్ అనే ప్రాపర్టీ ఇంకా నిజం చెప్పదు. అక్కడ లైసెన్స్ మేనేజర్‌లోని యూసేజ్ మోడ్‌ను అడగాలి. ఈ ఒక్క సంగతి తెలియక ఒక వారమంతా తల పట్టుకున్న కుర్రాళ్లున్నారు.

కంప్యూటర్ల వైపు వాదనలో నిజం బొత్తిగా లేదని మేము అనడం లేదు. విజువల్ స్టూడియో 2022కు కనీసం నాలుగు జీబీ మెమరీ ఉంటే నడుస్తుందని తయారీదారులు చెబుతారు, పెద్ద పనులకు పదహారు ఉండాలని కూడా వాళ్లే చెబుతారు. మనవి ఎనిమిది. పదింటిలో నాలుగింటిలో ఇంకా పాత తిరుగుడు హార్డ్ డిస్కులే ఉన్నాయి. వాటికి ఎస్ఎస్‌డి వేయించాలి, అన్నిటికీ ఇంకో ఎనిమిది జీబీ మెమరీ చేర్చాలి. దీనికయ్యే ఖర్చు పెట్టమనే అడుగుతున్నాం. యాంటీవైరస్ ప్రాజెక్టు ఫోల్డర్‌ను ప్రతి బిల్డ్‌లోనూ తడిమి చూస్తుంది. ఆ ఒక్క ఫోల్డర్‌ను మినహాయిస్తే కొంత తేడా ఉంటుంది. అంతేగానీ యాంటీవైరస్‌ను ఆపేసి కూర్చోకండి, ఆ హాల్లో అందరి పెన్‌డ్రైవులూ తిరుగుతుంటాయి.

విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, పాత కంప్యూటర్లకు విండోస్ 11 ఎక్కదు, కాబట్టి ఎలాగూ కొత్తవి కొనాలి కదా అని ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. అది సరైన ప్రశ్న. భద్రత కోసం కొనాల్సి వస్తే కొందాం, ఏ కంప్యూటర్‌కు ఎక్కుతుందో ఏదానికి ఎక్కదో జాబితా రాసి, ఆ కారణాన్నే తీర్మానంలో పెట్టి కొందాం. డిజైనర్ నెమ్మది అని రాసి కొంటే, రేపు కొత్త పెట్టెలో కూడా నెమ్మదిస్తే సభ్యులకు ఏం జవాబు చెబుతాం? అది గుడి హుండీ డబ్బు, సాంచెల మీద పనిచేసే వాళ్లు నెలకు యాభై, వంద వేసిన డబ్బు.

మాకు ఇంత పట్టుదల ఎందుకో కూడా చెప్పాలి. తరగతికి వచ్చే పద్దెనిమిది మందిలో పదకొండు మంది పగలు పనిచేసేవాళ్లు. యూనిఫాంలు కుట్టే యూనిట్లలో కొందరు, టవల్ కార్ఖానాలో కొందరు. ఒక అమ్మాయి వాళ్లమ్మతో పాటు బీడీలు చుట్టి వస్తుంది. వాళ్లకు దొరికేది రాత్రి ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా గంటన్నర. అందులో ఇరవై నిమిషాలు కిటికీ తెరుచుకోవడానికే పోతే నెల తిరిగేసరికి మానేస్తారు. మానేస్తున్నప్పుడు కంప్యూటర్ బాగోలేదని ఎవరూ చెప్పరు, "నాకు రాదు అన్నా, ఇది నా వల్ల కాదు" అంటారు. ఇద్దరు ఇప్పటికే అన్నారు. వాళ్లిద్దరి ఇళ్లకూ వెళ్లి మాట్లాడి వచ్చాం. ఒకరు వస్తామన్నారు.

ఇంకో మాట. ఉద్యోగానికి పుణె, హైదరాబాద్ వెళ్లినప్పుడు ఇంటర్వ్యూలో ఎవరూ మౌస్‌తో మీట లాగి చూపించమనరు. ఈ ఫారం ఎందుకు నెమ్మదిగా తెరుచుకుంటోంది, ఎలా కనిపెడతావు అని అడుగుతారు. మన హాల్లో దొరికిన పదిహేను సెకన్ల కథ ఆ ప్రశ్నకు మంచి జవాబు. అది పిల్లలు తమ చేత్తో కనిపెట్టింది.

కాబట్టి వచ్చే సమావేశంలో మేము అడగబోయేది ఇది. నాలుగు లక్షల తీర్మానాన్ని రెండు నెలలు పక్కన పెట్టండి. నాలుగు ఎస్ఎస్‌డిలకు, పది మెమరీ ముక్కలకు మూడు దుకాణాల నుంచి కొటేషన్లు తెప్పించండి. వారంలో మూడు రోజులు ఆఫీసు కంప్యూటర్‌ను ఆరింటికి ఆపకుండా ఎనిమిదిన్నర దాకా ఉంచమని గుమాస్తాగారికి చెప్పండి, రిజిస్టర్ పరీక్షించడానికి సర్వర్ కావాలి. కరెంటు ఖర్చు మేము నలుగురం పెట్టుకుంటాం.

ఎవరికైనా అనుమానముంటే శనివారం రాత్రి ఏడింటికి హాల్‌కు రండి. ఒకే రకం కంప్యూటర్లు రెండు పక్కపక్కన పెడతాం. ఒకదానిలో పాత ఫారం, ఇంకోదానిలో మార్చిన ఫారం, సర్వర్ ఆపేసి ఉంటుంది. స్టాప్‌వాచ్ మీరే పట్టుకోండి. చేతులెత్తిన పెద్దలు తప్పకుండా రావాలి, మొదటి వరుసలో కుర్చీలు మీకే.